డాబా మీది సోలార్ మోసుకొచ్చిన కార్బన్ ఎంత? మీరే లెక్క కట్టుకునే పద్ధతి

మా అపార్ట్‌మెంట్‌లో సోలార్ పెట్టించాలని సంఘం సమావేశమైన రోజు, అమ్మకందారు పంచిన కరపత్రం మీద ‘సున్నా కార్బన్ విద్యుత్తు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. మూడో అంతస్తులో ఉండే అనంతపురం పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సున్నా ఎలా అవుతుందండీ? ఇంత ఇనుము, ఇంత అద్దం చెట్టుకు కాశాయా?" అన్నారు. ఆయన సొంతూరు పావగడకు దగ్గర. అక్కడి 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పొలాల్లో లేస్తుండగా, లారీల్లో దిగిన ఇనుమును కళ్లారా చూసిన మనిషి. గదిలో అందరూ నా వైపు చూశారు. సివిల్ ఇంజనీరును కాబట్టి లెక్క నా నెత్తిన పడింది.

మాది బెంగళూరు కుందలహళ్లి ప్రాంతంలో 24 ఇళ్ల భవనం. నేను చేసిన లెక్కనే వరసగా చెబుతాను. మీ భవనం అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. ఒక కాగితం, క్యాలిక్యులేటర్, రెండు ఆదివారాలు చాలు.

ముందు ప్రశ్న తేల్చుకోండి

‘సోలార్ మంచిదా కాదా’ అన్నది లెక్కకు లొంగే ప్రశ్న కాదు. ‘మా డాబా మీద పుట్టే ఒక్కో యూనిట్ కరెంటు వెనక ఎన్ని గ్రాముల కార్బన్ ఉంది?’ అని అడగండి. కార్బన్ అంటే ఇక్కడ గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్. పైన మొత్తం కార్బన్, కింద మొత్తం యూనిట్లు. ఈ భిన్నమే మొత్తం కథ. చాలామంది పైఅంకె కోసం తెగ వెతుకుతారు, కింది అంకెను మాత్రం అమ్మకందారు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. తప్పులు ఎక్కువగా దొర్లేది కిందే.

తర్వాత కాలం. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు హామీ ఇస్తారు కాబట్టి 25 ఏళ్లు తీసుకోండి. మొత్తం భవనం లెక్క అయితే 60 ఏళ్లు తీసుకోవడం పరిపాటి. అప్పుడు ప్యానెళ్లు ఒకసారి కాదు, రెండుసార్లు మారతాయని మరచిపోకండి.

ఇక హద్దు, అంటే లెక్కలోకి ఏవేవి వస్తాయన్నది. భవనాల లెక్కకు యూరప్‌లో ఈఎన్ 15978 అనే ప్రమాణం ఉంది. మన ఆర్కిటెక్టులూ దాన్నే వాడుతున్నారు. అందులో దశలకు అక్షరాలు పెట్టారు. ఏ అంటే తయారీ, రవాణా, బిగింపు. బి అంటే వాడకం, మరమ్మతు, మార్పిడి. సి అంటే విప్పడం, తుక్కు. డి అంటే ఆ తుక్కును కరిగించి మళ్లీ వాడితే కలిసొచ్చే లాభం. డి లాభాన్ని మొత్తంలోంచి తగ్గించకండి, పక్కన విడిగా రాయండి. 25 ఏళ్ల తర్వాత ఎవరో అల్యూమినియం కరిగిస్తారన్న నమ్మకంతో ఇవాళ్టి అప్పును తగ్గించి చూపడం నాకు నచ్చదు.

సామాను తూకం వేయండి

కొటేషన్‌లో ‘20 కిలోవాట్ల సిస్టమ్’ అని ఒక్క వాక్యం ఉంటుంది. అది మనకు పనికిరాదు. కిలోలు కావాలి. ప్యానెళ్లు ఎన్ని, ఒక్కోటి ఎంత బరువు, స్టాండుకు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు ఎన్ని కిలోలు, కాంక్రీటు దిమ్మలు ఎన్ని, రాగి తీగ ఎంత పొడవు, ఇన్వర్టర్ బరువెంత అని విడివిడిగా అడగండి. ప్యానెల్ వివరాలు దాని డేటా షీటులో ఉంటాయి. మావి 550 వాట్లవి 36, అంటే 19.8 కిలోవాట్లు. ఒక్కోటి 28 కిలోలు.

ఇనుము దగ్గర కొంచెం ఆగండి. మన అపార్ట్‌మెంట్లలో డాబా ఖాళీగా ఉండదు. బట్టలు ఆరేస్తారు, వడియాలు పెడతారు, పిల్లలు ఆడుకుంటారు. అందుకని ప్యానెళ్లను నేలకు ఆనించకుండా మనిషి నడిచేంత ఎత్తులో పందిరిలా కట్టిస్తారు. ఆ ఎత్తుకు, గాలికి తట్టుకోవాలంటే లావు పైపులు కావాలి. ఫాబ్రికేటర్ ఇనుము కిలోల లెక్కనే అమ్ముతాడు కాబట్టి కాటా చీటీ ఉండి తీరుతుంది. మా చీటీలో 1,500 కిలోలు పడింది. అదే ప్యానెళ్లను డాబాకు అడుగు ఎత్తులో వాల్చి పెడితే 600 కిలోలతో అయిపోయేదని ఫాబ్రికేటరే చెప్పాడు. ఈ 900 కిలోల తేడా ఏ కరపత్రంలోనూ కనిపించదు.

దిమ్మల్ని నేనే కొలిచాను. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు, మొత్తం 24. కలిపితే ఘనమీటరులో మూడింట రెండు వంతులు కూడా కాలేదు. కాంక్రీటు అనగానే భయపడే నాలాంటి వాళ్లకు అది ఊరట.

కిలోలను కార్బన్‌గా మార్చండి

ఒక్కో పదార్థానికి ఒక గుణకం ఉంటుంది. కిలో సరుకు తయారుకావడానికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో అది చెబుతుంది. తయారీదారు దగ్గర ఈపీడీ, అంటే పర్యావరణ ప్రకటన పత్రం ఉంటే అందులోని అంకె వాడండి. అది అన్నిటికంటే నమ్మదగినది. లేకపోతే ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ 2017లో భారత నిర్మాణ సామగ్రి కోసం తయారుచేసిన డేటాబేస్ ఉచితంగా దొరుకుతుంది. ఇటుక, మట్టి, సిమెంటుల్లో ఇమిడిన శక్తి, అంటే వాటి తయారీకి ఖర్చైన శక్తి మీద మన బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో బి.వి. వెంకటరామ రెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లోనే పరిశోధన పత్రం రాశారు. గోడల లెక్క కూడా చేయాలనుకునేవాళ్లు దాన్ని చదవాల్సిందే.

నేను వాడిన గుణకాలు ఇవి. బ్లాస్ట్ ఫర్నేసుల్లో తయారయ్యే మన దేశపు ఉక్కుకు కిలోకు సుమారు 2.5, జింకు పూత కలుపుకుని 2.8. కాంక్రీటుకు ఘనమీటరుకు 300. రాగికి 4. ప్యానెళ్లను మాత్రం బరువుతో కాకుండా కిలోవాటుతో లెక్కించాలి. వాటి కార్బన్ అద్దంలో కంటే సిలికాన్ శుద్ధిలో ఎక్కువ. క్వార్ట్జ్ రాయిని కొలిమిలో కరిగించి, శుద్ధిచేసి, స్ఫటికంగా పెంచి, పల్చటి బిళ్లలుగా కోయడానికి విపరీతమైన కరెంటు కావాలి. ఆ కరెంటు బొగ్గుదైతే అంకె పెరుగుతుంది, జలవిద్యుత్తు అయితే తగ్గుతుంది. ఒకే నమూనా ప్యానెల్‌ను చైనాలో చేస్తే కిలోవాటుకు 800 కిలోల చిల్లర, జర్మనీలో చేస్తే 580 కిలోల ప్రాంతం అని 2021లో జర్మన్ పరిశోధకులు లెక్క కట్టారు. డాబా సోలార్‌కు కేంద్రం ఇచ్చే ‘పీఎం సూర్య ఘర్’ రాయితీ కావాలంటే సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలో చేసినవే ఉండాలి. మన గ్రిడ్‌లోనూ బొగ్గే ఎక్కువ కాబట్టి, దేశీయం అన్నంత మాత్రాన అంకె తగ్గించకండి. నేను కొంచెం ఎక్కువే ఉండనిమ్మని 900 వేశాను.

ఎక్కడ అనుమానం వచ్చినా మనకు వ్యతిరేకంగా ఉండే అంకెనే తీసుకోండి. రేపు ఎవరైనా నిలదీస్తే సమాధానం చెప్పడం తేలిక.

రవాణా దగ్గర ఒక మాట. ‘చైనా నుంచి ఓడలో వస్తుంది కదా, ఎంత డీజిలు కాలుతుందో’ అని మా సమావేశంలో పావుగంట వాదన జరిగింది. మొత్తం ప్యానెళ్ల బరువు ఒక టన్ను. ఓడలో టన్ను సరుకు కిలోమీటరు వస్తే 10 నుంచి 15 గ్రాములు. ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణానికి వంద కిలోలు మించదు. చెన్నై రేవు నుంచి బెంగళూరుకు 350 కిలోమీటర్ల లారీ ప్రయాణం ఇంకో 35 కిలోలు. పావుగంట వాదన ఒక శాతం కార్బన్ మీద జరిగింది. అదే సమయంలో స్టాండు ఎత్తు గురించి ఎవరూ నోరు విప్పలేదు.

మా మొత్తం ఇలా తేలింది, అన్నీ కిలోల్లో:

ప్యానెళ్లు: 17,820
స్టాండు ఇనుము: 4,200
కాంక్రీటు దిమ్మలు: 195
ఇన్వర్టర్, మధ్యలో ఒకసారి మార్పిడితో కలిపి: 2,000
తీగలు, ఎర్తింగు: 300
రవాణా: 250
బిగింపు పనులు: 100
25 ఏళ్ల కడుగుడు, మరమ్మతు, పగిలే ప్యానెల్: 500
విప్పడం, తుక్కు: 300

కూడితే 25,665. అంటే 25.7 టన్నులు. ఇన్వర్టర్ అంకె, ఆఖరి రెండు వరసలు నా అంచనాలు. వాటి పక్కన కాగితం మీద ‘అంచనా’ అని రాసి పెట్టాను, మీరూ రాయండి. ఇన్వర్టర్ అంటే ఇక్కడ గోడకు బిగించే సోలార్ ఇన్వర్టర్, ఇళ్లలో కరెంటు పోతే బ్యాటరీతో నడిచేది కాదు. అది పది, పదిహేనేళ్లకు మించి ఉండదు కాబట్టి ఒక్క మార్పిడి తప్పదు. తుక్కు సంగతికొస్తే, 2022 ఈ-వ్యర్థాల నియమాల్లోకి సోలార్ ప్యానెళ్లనూ చేర్చారు. విప్పేనాటికి పాతసామాన్ల బండి మీదికి ఎక్కించకుండా ఆ దారిన పంపాలి.

ఇప్పుడు కింది అంకె

బెంగళూరులో చక్కగా పెట్టిన ఒక కిలోవాటు ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్లు ఇస్తుంది. రోజుకు నాలుగు యూనిట్లని వాడుకలో చెప్పే మాట దీన్నుంచి వచ్చిందే. పీవీజీఐఎస్, పీవీవాట్స్ అనే ఉచిత వెబ్ సాధనాల్లో మీ డాబా స్థానం, ప్యానెళ్ల వాలు ఇస్తే నెలవారీగా చూపిస్తాయి. కానీ మీ ఓవర్‌హెడ్ ట్యాంకు సంగతి వాటికి తెలియదు. లిఫ్టు గది, పక్కింటి కొబ్బరిచెట్టు, అడ్డంగా లేచిన కొత్త భవనం కూడా తెలియవు.

అందుకే నీడను మీరే చూడాలి. డిసెంబరు మూడో వారంలో ఒకరోజు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు డాబా ఎక్కి, నీడ అంచుల వెంట సుద్దముక్కతో గీత గీయండి. అప్పుడు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు, నీడలు ఉత్తరానికి బారుగా సాగుతాయి. మే నెలలో చూసి ‘నీడే లేదు’ అనుకుంటే మోసపోతారు. ప్యానెళ్లను వరసగా ఒకే తీగకు కలుపుతారు కాబట్టి, ఒకదాని మీద పడ్డ నీడ ఆ వరసలో మిగతావాటినీ కొంత వెనక్కి లాగుతుంది.

తరుగుదల కలపండి. మొదటి ఏడాది సుమారు 2 శాతం, తర్వాత ఏడాదికి అర శాతం చొప్పున ప్యానెల్ శక్తి తగ్గుతుంది. 25 ఏళ్ల సగటు 92 శాతం వేసుకుంటే సరిపోతుంది. దుమ్ము పట్టి ఉండే రోజులు, ఇన్వర్టర్ మొరాయించే రోజులు, కరెంటు పోయే గంటలు కలిపి ఇంకో 3 శాతం తీశాను. కరెంటు పోతే సోలార్‌కేం అనుకోకండి. గ్రిడ్‌కు కలిపిన సిస్టమ్, లైన్‌మన్ భద్రత కోసం, గ్రిడ్ ఆగిన వెంటనే తానూ ఆగిపోతుంది. ఎండ మండుతున్నా సరే.

19.8 కిలోవాట్లు, 1,400 యూనిట్లు, 25 ఏళ్లు, 92 శాతం, అందులో 97 శాతం. గుణిస్తే 6.18 లక్షల యూనిట్లు. పైఅంకెను దీంతో భాగిస్తే యూనిట్‌కు 41.5 గ్రాములు.

వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో డాబా సోలార్‌కు మధ్యస్థ విలువ 41 గ్రాములు, బొగ్గు విద్యుత్తుకు 820. నా అంకె 41 పక్కన వాలేసరికి సంబరం కలిగిన మాట నిజం. కానీ అది కాకతాళీయం. అప్పటికంటే ఇప్పటి ప్యానెళ్లు మెరుగు, ఆ మెరుగును మా పందిరి ఇనుము, నా జాగ్రత్త అంకెలు మింగేశాయి. నీడ వల్ల కిలోవాటుకు 1,100 యూనిట్లే వస్తే ఇదే సరంజామాకు దాదాపు 53 గ్రాములు అవుతుంది. సామానులో ఒక్క కిలో మారకుండానే!

దేనితో పోల్చాలి

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, ఏటా గ్రిడ్ ఉద్గార గుణకాన్ని ప్రకటిస్తుంది. ఈ మధ్య అది యూనిట్‌కు 0.72 కిలోల అటూ ఇటూ ఉంది. ‘కర్ణాటకలో జలవిద్యుత్తు, గాలిమరలు ఎక్కువ కదా, తక్కువ అంకె వాడాలేమో’ అని మీకు తోచవచ్చు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసిపోయింది. మనం వాడకుండా మిగిల్చిన యూనిట్ రాయచూరు బొగ్గుదో, జోగ్ జలపాతం దగ్గరిదో వేలుపెట్టి చూపలేం. దేశం మొత్తం అంకె వాడటమే న్యాయం. ఆ అంకెలో బొగ్గు తవ్వకం, మోత, తీగల్లో పోయే నష్టం లేవు. కాబట్టి పోలిక మనకు వ్యతిరేకంగానే కొంచెం మొగ్గి ఉంది, ఉండనివ్వండి.

మొదటి ఏడాది మా ఉత్పత్తి సుమారు 26,350 యూనిట్లు. ఆదా 19 టన్నులు. మొదట్లోనే పడే అప్పు, అంటే తర్వాతి మార్పిడులు, తుక్కు కాకుండా, 23.9 టన్నులు. పదిహేను నెలల్లో తీరిపోతుంది.

ఆ తర్వాత 25 ఏళ్ల మొత్తం చెప్పేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోండి. గ్రిడ్ ఎప్పటికీ 0.72 దగ్గరే ఉంటుందనుకుంటే నికర ఆదా దాదాపు 420 టన్నులు. గ్రిడ్ ఏటేటా శుభ్రమై 25 ఏళ్లకు సగానికి దిగుతుందనుకుంటే సుమారు 308. కరపత్రాలు మొదటిదాన్నే అచ్చేస్తాయి. మీరు రెండూ రాయండి.

వేణ్నీళ్లు, బ్యాటరీ, జనరేటర్

బెంగళూరు డాబా అంటే ముందు గుర్తొచ్చేది సోలార్ వాటర్ హీటర్. 100 లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి 4 యూనిట్లు కావాలి. ఏడాదిలో 250 రోజులు ఎండ కాపాడినా వెయ్యి యూనిట్లు, అంటే 720 కిలోల కార్బన్ మిగులు. పరికరానికి ఎంత ధారాళంగా లెక్క వేసినా నాకు 250 కిలోలు దాటలేదు. ఇంత త్వరగా అప్పు తీర్చే వస్తువు డాబా మీద మరొకటి లేదు. కానీ అది కాగితం మీది మాట.

పైపు సంగతి చూడండి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. ట్యాంకు నుంచి స్నానాలగదికి 30 మీటర్లుంటే ఏడున్నర లీటర్లు. ప్రతిసారీ అంత చల్లనీళ్లు మోరీలోకి వదిలితే గానీ వేణ్నీళ్లు రావు, స్నానమయ్యాక మళ్లీ అంత వేడినీళ్లు పైపులోనే చల్లారిపోతాయి. నలుగురు నాలుగు వేళల్లో స్నానం చేస్తే రోజుకు 30 లీటర్లు, అంటే వందలో 30 వంతులు పైపు పాలు. వదిలేసిన నీళ్లూ ఉత్తవి కావు. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపులు తోస్తే ఇక్కడికి వస్తాయి. కాబట్టి హీటర్ లెక్కలో పైపు పొడవు కొలిచి రాయండి. ఇక ట్యాంకులోని కరెంటు కాయిల్ స్విచ్చి ఎవరు, ఎప్పుడు వేస్తారో ఇంట్లో వాకబు చేయండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బుల్లో అది రోజూ వెలుగుతుంటే ఆ యూనిట్లను ఆదాలోంచి తీసేయాలి. బోరు నీళ్లయితే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, గొట్టాల శుభ్రతకు, మార్పిడికి ఒక వరస పెట్టండి.

బ్యాటరీ పెట్టే ఆలోచన ఉంటే లిథియం రకానికి ఒక్కో యూనిట్ నిల్వ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోలు వేసి, పదేళ్లకో మార్పిడి కలపండి. సీసపు బ్యాటరీలు నాలుగైదేళ్లకోసారి మారతాయి, పైగా నింపి తీసేటప్పుడు ఐదో వంతు కరెంటు పోతుంది. నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను బిల్లులోంచి తగ్గించే పద్ధతి) ఉన్నచోట గ్రిడ్‌నే బ్యాటరీలా వాడుకోవడం లెక్కకు మేలు.

జనరేటర్ ఉంటే దాన్ని వదలకండి. లీటరు డీజిలుకు 2.68 కిలోలు, లీటరుకు మూడు యూనిట్లు వచ్చినా యూనిట్‌కు 0.9 కిలోలు, గ్రిడ్ కంటే మురికి. సోలార్ వచ్చాక డీజిలు ఖర్చు తగ్గుతుందని మా సంఘంలో ఆశపడ్డారు. కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది కదా, తగ్గలేదు. తగ్గాలంటే జనరేటర్‌తో కలిసి నడిచే నియంత్రికను విడిగా బిగించాలి.

ఏడాది తర్వాత మళ్లీ కూర్చోండి

ప్రతి నెలా ఒకటో తేదీన ఇన్వర్టర్ తెర మీది మొత్తం యూనిట్ల ఫొటో తీసి దాచండి. కరెంటు బిల్లులో గ్రిడ్‌కు వెళ్లినవే కనిపిస్తాయి, మనం అక్కడికక్కడే వాడేసినవి అందులో ఉండవు. బిల్లు చూసి ఉత్పత్తి లెక్కిస్తే తప్పుతుంది.

మా మొదటి ఏడాది, కోతలన్నీ పోను కిలోవాటుకు 1,330 అనుకుంటే, 1,260 దగ్గర ఆగింది. యూనిట్‌కు 41.5 కాస్తా దాదాపు 44 గ్రాములైంది. తక్కువ పడ్డ 1,386 యూనిట్లు ఎక్కడ పోయాయో నెలవారీ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, సగం వరకు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలోనే పోయాయి. ఆ నెలల్లో ట్యాంకు నీడ తూర్పు కొసన మూడు ప్యానెళ్ల మీద పదిన్నర దాకా కదలడం లేదు. సుద్దగీత గీసింది నేనే, దాన్ని దాటి మూడు ప్యానెళ్లు పెట్టనిచ్చిందీ నేనే. అక్కడ ఖాళీ స్థలం చూసి ఆశపడ్డాం.

ఆ మూడింటినీ మెట్లగది కప్పు మీదికి మార్చడానికి కొత్తగా 60 కిలోల ఇనుము కావాలని ఫాబ్రికేటర్ అన్నాడు. అంటే 168 కిలోల కార్బన్. తిరిగి దక్కేది ఏడాదికి 700 యూనిట్లు, 504 కిలోలు. నాలుగు నెలల్లో తీరే అప్పు. కాగితం మూడో అంతస్తు పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆఖరి వరస దాకా చదివి, "అయితే ఈసారి కాటా దగ్గరికి నేనూ వస్తానండీ" అన్నారు.